ఏట్రింత వాంగ్మూలం

దొరువుదిబ్బ పాళెం పరిసరాల్లో పక్షులు లేవని అధికారికంగా తేలిపోయింది. ఆ సంగతి పక్షులకు తెలియజేయడం ఒక్కటే మిగిలింది.

తేల్చినవాళ్లు ఆషామాషీ మనుషులు కారు. పాళేన్ని ఆనుకుని ఉప్పుటేరు గట్టున పెద్ద ఇసుక దిబ్బ ఒకటి ఉంది. దాని మీద బొగ్గు నిల్వచేసే యార్డు కట్టాలని ఒక కంపెనీవారికి బుద్ధి పుట్టింది. కట్టే ముందు పర్యావరణ నివేదిక రాయించాలని చట్టం. కంపెనీవారు చట్టానికి తలవంచే మనుషులు కాబట్టి మహానగరంలో ఉన్న నిపుణుల చేత రాయించారు. దిబ్బకు ఉత్తరాన దట్టమైన టేకు అడవి ఉన్నదనీ, స్థానికులు వెదురు బుట్టలు అల్లుకుని జీవిస్తారనీ, చలికాలంలో మంచు వల్ల ఘాట్ రోడ్డు మూసుకుపోతుందనీ అందులో ఉంది. సముద్రం ప్రస్తావన ఎక్కడా లేదు. అది ఎక్కడో మన్యంలో ఇంకో కంపెనీ కోసం రాసిన నివేదిక అని గిట్టనివాళ్లు అన్నారు. గిట్టనివాళ్లు ఏమైనా అంటారు. "చెప్పుకోదగిన పక్షులు లేవు, దిబ్బ నిరుపయోగంగా పడి ఉంది" అన్న వాక్యం మాత్రం అచ్చంగా మన దిబ్బ కోసమే రాశారు.

నివేదిక అయ్యాక ప్రజాభిప్రాయ సేకరణ. ఆ మాట వినగానే నెల్లూరు తీరంలో తెలిసినవాళ్లకు గుర్తొచ్చే పేరు నరేంద్రబాబు.

నరేంద్రబాబుది తోటపల్లి గూడూరు దగ్గర ఒక పల్లె. కొంచెం వరి పొలమూ, రెండు రొయ్యల గుంటలూ ఉన్నాయి. అయితే అవి పేరుకు మాత్రమే. పెళ్లికి షామియానా వాళ్లు ఎట్లాగో, ప్రజాభిప్రాయానికి నరేంద్రబాబు అట్లాగ. షామియానా వాళ్లు కుర్చీలు సప్లై చేస్తారు, ఈయన ఆ కుర్చీల్లో కూర్చునే ప్రజలను సప్లై చేస్తాడు. ఈ తీరాన కంపెనీలు రావడం మొదలైన కొత్తలో సభల్లో అసలు ప్రజలే మాట్లాడేవాళ్లు. అసలు ప్రజలతో వచ్చే చిక్కేమిటంటే వాళ్లకు మాట్లాడడం రాదు. అందరూ ఒకేసారి లేస్తారు, విషయానికి సంబంధం లేని మంచినీళ్ల గొడవ తెస్తారు, మధ్యలో ఏడుస్తారు. ఒకసారి ఒక ముసలామె అధికారుల బల్ల మీద దోసెడు దుమ్ము పోసి, "ఇదేంది సామీ మా ఇండ్లలో పడతుండేది" అని అడిగింది. దుమ్మును మినిట్స్‌లో ఎట్లా రాయాలో తెలియక గుమాస్తా చాలా ఇబ్బంది పడ్డాడు. ప్రజాస్వామ్యానికి పట్టిన ఈ దుస్థితిని చూడలేక నరేంద్రబాబు రంగంలోకి దిగాడు.

ఆయన దగ్గర ఒక ట్రంకుపెట్టె ఉంటుంది. అందులో రైతులకు ఆకుపచ్చ కండువాలు, మత్స్యకారులకు ఒక వల, నిరుద్యోగులకు ప్లాస్టిక్ ఫైళ్లు, రిటైరైన హెడ్మాస్టరుకు ఒక కళ్లజోడు ఉంటాయి. ప్రజలు మాత్రం పెట్టెకు తగ్గట్టు కొద్దిమందే. వాళ్లలో మకుటం లేని మహారాజు చెంచురామయ్య.

చెంచురామయ్య ఎండుకట్టెలా ఉండే నల్లటి మనిషి, యాభై దాటాయి. కండువా వేసుకుంటే మూడు తరాలుగా వరి తప్ప ఎరుగని రైతు. కళ్లజోడు పెట్టుకుంటే పద్యాలు అప్పజెప్పే హెడ్మాస్టరు. ఫైలు పట్టుకుంటే ఇంజినీరింగ్ చదివిన కొడుకును ఇంట్లో పెట్టుకుని కుమిలిపోయే తండ్రి. గొంతు మారుస్తాడు, నడక మారుస్తాడు, దగ్గు కూడా మారుస్తాడు. ఆయన ఒక్కడు చాలు, ఒక పంచాయతీ పెట్టు. ఆయనదీ ఎక్కడో సముద్రపు ఒడ్డు పాళేమేననీ, గోడౌన్ల కోసం ఆ పాళేన్ని లేపేశారనీ, వచ్చేటప్పుడు భుజాన వేసుకొచ్చిన వలే ఇప్పుడు పెట్టెలో ఉన్నదనీ నరేంద్రబాబు విన్నాడు. అంతకుమించి అడగలేదు. కళాకారుణ్ణి కళ గురించే అడగాలి.

యార్డు వస్తే అందులో క్యాంటీను నరేంద్రబాబుదేనని కంపెనీవారు మాట ఇచ్చారు. ఆ మాట పట్టుకుని ఆయన భార్య ఉషారాణి నెల్లూరు వెళ్లి, మనిషి కూర్చుని స్నానం చేయగలిగినంత ఇడ్లీ పాత్ర ఒకటి కొనుక్కొచ్చింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఆ పాత్ర నట్టింట్లో బోర్లించి ఉండేది. వచ్చినవాళ్లు దాని మీదే కూర్చునేవాళ్లు.

మొదటి సభ దివ్యంగా నడిచింది. అధ్యక్షస్థానంలో అనుభవజ్ఞుడైన ఒక అధికారి ఉన్నారు. ఈ తీరంలోని సభలన్నిటికీ ఆయనే అధ్యక్షుడు. చెంచురామయ్య మూడు దఫాలుగా యార్డును స్వాగతించాడు. అంతా సజావుగా ముగుస్తుందనగా పాళెం ఆడవాళ్లలోంచి గురవమ్మ లేచి మైకు పట్టుకుంది.

ఆ దిబ్బ మీద నెత్తళ్ల చేపలు ఎండబెట్టి, ఊరూరూ తిరిగి అమ్ముకునే మనిషి గురవమ్మ. ఆమె తట్ట దించిన రోజు నరేంద్రబాబు ఇంట్లో పప్పుచారుకు మోక్షం వచ్చేది.

"దిబ్బ పనికిరాకుండా పడుండాదని రాసినారంట," అంది గురవమ్మ. "మా పాళెం ఆడోళ్లందరూ ఆడనే గదా సారూ చేపలెండబెట్టుకునేది. అది పోతే మేం యాడికి పోవాల? మీ మిద్దె మింద పోసుకోమంటారా?"

"ఇది పర్యావరణానికి సంబంధించిన సభమ్మా," అన్నారు అధ్యక్షులవారు ఎంతో ఓపికగా. "మనుషుల విషయం దీని పరిధిలోకి రాదు."

గురవమ్మ వెళ్లిపోబోయి ఆగింది. "పిట్టల్లేవని గూడా రాసినారంట. తెల్లారకముందే పిట్టల గోలకి మాకు నిద్దరుండదే."

అధ్యక్షులవారు నిటారుగా కూర్చున్నారు. పిట్టలు పరిధిలోకి వస్తాయి. గురవమ్మ బతుకును రాసుకోవడానికి ఫారంలో గడి లేదు గాని పిట్టలకు పెద్ద గడి ఉంది. నిజానిజాలు శాస్త్రీయంగా తేల్చేదాకా సభను వాయిదా వేస్తున్నట్టు ఆయన ప్రకటించారు.

శాస్త్రం టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. దాన్ని దిబ్బ మీద గుంజకు కట్టి వదిలేస్తే రాత్రింబవళ్లు చెవులు రిక్కించుకుని ఉంటుంది. విన్న కూతలను కంప్యూటరుకు పంపితే ఏ కూత ఏ పక్షిదో అది చెప్పేస్తుంది. మనుషులు ఎంత మొత్తుకున్నా పట్టించుకోదు. ఆ విధంగా దాన్ని ప్రభుత్వ అవసరాలకు తగినట్టే తయారుచేశారు.

డబ్బా కట్టేలోపు దిబ్బ మీద పిట్ట అన్నది వినిపించకూడదని కంపెనీవారు నరేంద్రబాబుకు కబురు పెట్టారు. ఆయన నవ్వుకున్నాడు. రొయ్యల గుంటలున్నవాడికి పిట్టలు తోలడం ఒకరు నేర్పాలా? పక్క గుంటలో జబ్బు చేసిన రొయ్యను ఒక కాకి ముక్కున కరుచుకుని వచ్చి మన గుంటలో జారవిడిచిందంటే పంటంతా తెల్లమచ్చ తెగులు తగిలి తేలిపోతుంది. అందుకే ఆ మండలంలో రైతు దేవుడికి ఒక దణ్ణం పెడితే కాకికి రెండు టపాకాయలు పేలుస్తాడు. నరేంద్రబాబు తన గుంటల మీది మనుషులను, రేకు డబ్బాలను, టపాకాయలను దిబ్బకు తరలించాడు. మోత మోగించేసరికి కొంగలు పులికాట్ సరస్సు వైపు లేచిపోయాయి. లకుముకి పిట్టలు పోయాయి, గోరింకలు పోయాయి, పాళెంలో కోళ్లు గంపల కింద దూరాయి. తర్వాత వచ్చిన ప్రభుత్వ మనుషులు ఆ ప్రశాంతతను చూసి ముచ్చటపడి డబ్బా కట్టి వెళ్లారు.

మర్నాడు తెల్లవారుతుండగా నరేంద్రబాబు తన ఘనకార్యాన్ని చెవులారా వినాలని దిబ్బ దగ్గరకు వచ్చాడు. స్కూటరు ఆపీ ఆపకముందే గోరింక కూత వినిపించింది. ఒకటి ఆగిపోయి ఉంటుందిలే అనుకున్నాడు. గోరింక ఆగగానే తీతువు అరిచింది. తీతువు వెనకాలే పిగిలిపిట్ట. ఆ తర్వాత లకుముకి. మధ్యలో ఎవరో ఈల వేసినట్టు ఏదో పేరు తెలియని పిట్ట. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టడం మానేసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. తోలిన పిట్టలన్నీ రాత్రికి రాత్రి చుట్టాలను కూడా వెంటబెట్టుకుని వచ్చేసినట్టున్నాయి.

దిబ్బ చుట్టూ తిరిగాడు. తుమ్మచెట్లలో చూశాడు, పడవల కింద చూశాడు. ఎక్కడా ఒక్క ఈక లేదు. ఇసుకలో గురవమ్మ ఒక్కతే వంగి నెత్తళ్లు పరుస్తోంది. ఎక్కణ్ణించో ఒక కాకి వచ్చి ఆమె వెనకాల దిగి చేప మీద కన్నేసింది. అంతలో నెత్తి మీద డేగ అరిచింది. కాకి ప్రాణాలు అరచేత పట్టుకుని లేచిపోయింది. నరేంద్రబాబు కూడా కాస్త వంగాడు. తలెత్తి చూస్తే ఆకాశంలో డేగ లేదు. కరెంటు తీగ మీద ఒక నల్లపిట్ట కూర్చుని ఉంది. పిడికెడంత ఒళ్లు, చేపతోకలాగా చీలిన తోక. అది తీగ దిగి, చేపల మీద ముసిరిన ఈగల్లో ఒకదాన్ని గాల్లోనే పట్టుకుని, మళ్లీ తీగ మీదకు చేరి ముక్కు తుడుచుకుంది. తర్వాత గొంతు సవరించుకుని గోరింకతో మొదలుపెట్టింది.

అది ఏట్రింత, కొన్ని ఊళ్లలో పసల పోలిగాడు అంటారు. నరేంద్రబాబు పుట్టినప్పటినుంచీ రోజూ చూస్తూనే ఉన్నాడు. పొలంలో గేదెల వీపు మీద ఉంటుంది, గుంట గట్టున తీగ మీద ఉంటుంది. అయితే రోజూ కనబడేదాన్ని ఎవరు చూస్తారు? ఆయన స్కూటరు మీద అట్లాగే కూలబడి విన్నాడు. గోరింకగా మాట్లాడేటప్పుడు అది మెడ కుదించుకుంటోంది. తీతువుగా మారితే కంగారు పడుతోంది. డేగ అయ్యేసరికి ఒళ్లు పెంచుతోంది. నడుమ ఒకసారి పిల్లిలా కూడా అరిచింది. పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదేనేమో. కోపం రావలసిన మనిషికి ముందు గౌరవం కలిగింది. వృత్తి తెలిసినవాడికి తప్పదు కదా.

"ఎప్పట్నించక్కా ఇది ఈడ?" అని గురవమ్మను అడిగాడు.

"ఎప్పుడూ ఈడనే ఉంటాది నాయనా. జీతం లేకండా కాకుల్ని తోల్తా ఉంటాది, దాన్ని చూసుకునే నేను కట్టె పట్టుకోను," అంది ఆమె తల ఎత్తకుండానే. "అన్ని పిట్టలూ ఉన్నెప్పుడు ఇంతగా అరిచేది గాదు. మీరు అన్నింటినీ తోలేసినారు గదా. ఇప్పుడు అందరి పనీ పాపం ఇదే చేస్తుండాది."

మనుషులను పిలిపించి టపాకాయ పేల్పించాడు. మిగతా పిట్టలు వేరు, ఏట్రింత వేరు. డేగనే వెంటబడి తరిమే జాతి అది. సర్రున దిగి, రేకు డబ్బా కొట్టేవాడి నెత్తి మీద రెండు పోట్లు పొడిచి, తీగ మీద కూర్చుని తీతువుగా ఫిర్యాదు చేసింది. అంతకంటే గట్టిగా ఏమన్నా చేద్దామంటే పాళెం ఆడవాళ్లంతా చుట్టూ చేరి చూస్తున్నారు. నిజం చెప్పాలంటే నరేంద్రబాబుకూ చేతులు రాలేదు. ఆయనకు అందులో చెంచురామయ్య కనిపించాడు.

సాయంత్రం చెంచురామయ్యను తీసుకొచ్చి చూపించాడు. చెంచురామయ్య చేతులు కట్టుకుని చాలాసేపు విన్నాడు.

"అన్నా, దీని సొంత కూత ఏదన్నా?" అని అడిగాడు చివరికి.

"సొంతది దేనికిరా? పని జరుగుతుండాది గదా," అన్నాడు నరేంద్రబాబు.

డబ్బా విన్నది విన్నట్టు చెప్పింది. దొరువుదిబ్బ మీద రకరకాల పక్షులు దండిగా ఉన్నాయనీ, ఇంత చిన్న స్థలంలో ఇన్ని జాతులు సామరస్యంగా జీవించడం, ఒకదాని మాటకు ఒకటి అడ్డురాకుండా వంతులవారీగా కూయడం అపూర్వమనీ కంప్యూటరు తేల్చింది. పిల్లి అరుపు దగ్గర మాత్రం అది తడబడి, ఇంతవరకు లోకానికి తెలియని కొత్త జాతి అయి ఉండవచ్చని అభిప్రాయపడింది. అన్ని పేర్లూ ఉన్న ఆ నివేదికలో ఏట్రింత పేరు మాత్రం లేదు. అది ఏట్రింతగా ఒక్కసారి కూడా నోరు విప్పలేదు మరి.

రెండో సభ రోజు కంపెనీవారి ముఖాల్లో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. అంత పక్షి సంపద ఉన్నచోట యార్డుకు అనుమతి రాదు. ఉషారాణి పొద్దున్నే ఇడ్లీ పాత్రకు పసుపు రాసి దణ్ణం పెట్టుకుని మరీ భర్తను పంపింది. నరేంద్రబాబు జీవితంలో మొదటిసారి ఇతరుల చేత కాకుండా తానే మైకు ముందుకు వచ్చాడు.

"అయ్యా," అన్నాడు ఆవేశంగా. "ఆ దిబ్బ మింద ఉండేది ఒక్కటే పిట్ట. ఒక్కటే గొంతు. అదే గోరింకని చెప్పుకుంటాది, అదే తీతువని చెప్పుకుంటాది, అదే డేగని చెప్పి అందర్నీ బెదిరిస్తాది. ఒక గొంతు ఇంతమందిగా మాట్లాడితే ఇంతమందని రాసుకోవడం ఏం న్యాయం సార్? ఇది ప్రభుత్వాన్ని మోసం చేయడం. ఒక గొంతుని ఒకటిగానే లెక్కేయాల. ఇది ఈరోజు రికార్డులో రాయాల."

కంపెనీ తరఫు పెద్దమనిషి బల్ల కింద నుంచి ఆయన చొక్కా లాగాడు. నరేంద్రబాబు దాన్ని ప్రోత్సాహం అనుకుని చివరి మాట ఇంకోసారి చెప్పాడు. ఇంత చక్కటి సూత్రం తన సభలో పుట్టినందుకు అధ్యక్షులవారు పులకించిపోయారు. "రాసుకోవయ్యా," అన్నారు గుమాస్తాతో. "ఒక గొంతుకు ఒకటే లెక్క."

గుమాస్తా రాసుకున్నాడు. అప్పుడు మాట్లాడేవాళ్ల వరసలోంచి, రైతు పని ముగించుకుని ఫైలు చంకన పెట్టుకుని రెండోసారి నిలబడి ఉన్న చెంచురామయ్య, ఆకుపచ్చ కండువా విప్పి మడత పెడుతూ ఎంతో వినయంగా అడిగాడు.

"అట్టయితే నేను ఇంక ఒక్కసారే మాట్లాడాల్నా అన్నా?"

మైకు దగ్గరే ఉండడం వల్ల ఆ మాట పాళెం దాకా వినిపించింది.

 తాను తీసిన గోతిలో తాను పడడం నరేంద్రబాబుకు కొత్త, గొయ్యి లోతు కూడా ఆయనకు తెలియదు. అధ్యక్షులవారికి తెలుసు. ఒక గొంతుకు ఒకటే లెక్క అన్న సూత్రం రికార్డుకెక్కితే, ఈ తీరాన ఇన్నేళ్లుగా తాను అధ్యక్షత వహించిన సభలన్నిటినీ తిరగతోడాలి. రోడ్లు, గోడౌన్లు, గోడలు, వాటి వెనక లేచిపోయిన ఊళ్లు, అన్నీ ఒక్కొక్కటిగా ఆయన కళ్ల ముందు తిరిగాయి. కళ్లజోడు తీసి తుడుచుకుని ఆయన చేసిన ప్రసంగం ఇది:

"మిత్రులారా! గొంతు ఒకటా, పదా అన్నది ప్రభుత్వానికి అప్రస్తుతం. ప్రభుత్వం గొంతును చూడదు, అభిప్రాయాన్ని చూస్తుంది. ఒకే పౌరుడు రైతుగా, విద్యావేత్తగా, తండ్రిగా స్పందించగలగడం మన ప్రజాస్వామ్యపు పరిణతికి నిదర్శనం. ఆ అవకాశాన్ని మనుషులకు ఇచ్చి పక్షులకు నిరాకరించడం జీవకారుణ్యం అనిపించుకోదు. కనుక ఇందాకటి సూత్రాన్ని కొట్టివేసి, పక్షులను ఉన్నవి ఉన్నట్టే స్వీకరిస్తున్నాను."

ఆ విధంగా దిబ్బ దక్కింది. పాళెం అంతా పండగ చేసుకుంది. పంచాయతీవారు "పక్షుల పుట్టినిల్లు దొరువుదిబ్బ" అని పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. ఫ్లెక్సీ షాపులో ఏట్రింత బొమ్మ దొరకనందువల్ల నెమలి బొమ్మ వేశారు. కరెంటు స్తంభానికి దండ వేయబోయిన వార్డు మెంబరును ఏట్రింత నెత్తిన పొడిచి పంపింది. ఇడ్లీ పాత్ర మళ్లీ బోర్లా పడింది.

కంపెనీలు అలిగి ఇంటికి పోయే రకం కాదు. వారు ఉప్పుటేరుకు ఆవలి గట్టున, ఇంకో పంచాయతీలో స్థలం చూసుకున్నారు. అక్కడ ఎవరూ డబ్బా కట్టలేదు, పక్షులు లేవని నివేదికలో ఉన్న వాక్యం అట్లాగే పనికొచ్చింది. దిబ్బకూ యార్డుకూ మధ్య ఏరు మాత్రమే అడ్డం. గాలికి ఏరు దాటడం ఎంతసేపు? బొగ్గుపొడి వచ్చి పడితే నెత్తళ్లు నల్లబడతాయి, నల్లబడ్డ చేపను కాకి కూడా ముట్టదు. దిబ్బ మిగిలి చేప పోయే పరిస్థితి వచ్చింది.

ఒకరోజు గురవమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని నరేంద్రబాబు ఇంటికొచ్చి ఇడ్లీ పాత్ర మీద కూర్చుంది. ఉషారాణి గిన్నె తెచ్చింది. గురవమ్మ కొలవకుండానే గిన్నె నిండా నెత్తళ్లు పోసింది.

"ఆ గట్టు సభ కూడా నువ్వే చూస్తుండావంట గదా నాయనా."

"అవునక్కా. కంపెనీ తరఫున ఒప్పుకున్నా."

"మాకు గూడా మనుషుల్ని ఇయ్యి."

నరేంద్రబాబుకు అర్థం కాలేదు. "మీకు మనుషులెందుకక్కా? పాళెం నిండా మీరే ఉండారు గదా."

"మేముండి ఏం లాభం? మా గొంతుతో మేం చెప్తే పరిధిలో లేదన్నారు. పిట్ట ఇంకొకరి గొంతుతో అబద్ధం చెప్తే రాసుకున్నారు. ఆ కిటుకేందో మీ కాడనే ఉండాది. ఆ చెంచురామయ్యని ఒక్కపూట మాలాగ మాట్లాడమని చెప్పు."

ఇరుపక్షాలకూ సప్లై చేయడం తప్పేమీ కాదని నరేంద్రబాబు ఆలోచించుకున్నాడు. షామియానా వాళ్లు మగపెళ్లివారికి వేరే, ఆడపెళ్లివారికి వేరే పందిళ్లు వేస్తారా? క్యాంటీనుకు దెబ్బ తగలకుండా ఆడవాళ్ల తరఫున ఒక్కసారికి ఒప్పుకున్నాడు.

ఆవలి గట్టు సభలో పొద్దుటి పూట చెంచురామయ్య చెలరేగిపోయాడు. రైతుగా యార్డును ఆహ్వానించాడు. హెడ్మాస్టరుగా పద్యం చదివి ఆశీర్వదించాడు. నిరుద్యోగి తండ్రిగా కంటతడి పెట్టాడు. పాల సంఘం తరఫున, చిరువ్యాపారుల తరఫున కూడా సంతోషం ప్రకటించాడు. భోజనాల తర్వాత నరేంద్రబాబు పెట్టెలోంచి వల తీసి ఆయన భుజాన వేసి, మత్స్యకారుడు చెప్పవలసిన నాలుగు మాటలు రాసిన చీటీ చేతిలో పెట్టాడు.

చెంచురామయ్య మైకు ముందుకు వెళ్లాడు. చీటీ చూడలేదు. గొంతు మార్చుకోవడానికి ఎప్పుడూ చేసినట్టు దగ్గలేదు కూడా. 

"మా పాళేన్ని లేపిన రోజు మాయమ్మ ఇంట్లోంచి బయటికి రానన్నాది," అన్నాడు. "పొయ్యి మింద కూరుండాది, దించినాక వస్తానన్నాది. నేనే ఎత్తుకోనొచ్చినా. ఆ కూర ఏమైందో ఇప్పటికీ అడగతా ఉంటాది. మమ్మల్ని పెట్టిన కాలనీకి సముద్రం కనపడదు. సముద్రం ఎట్టుండాదిరా అని అడగతాది. బాగుండాదిమా అని చెప్తా. నేనూ చూసి చానాళ్లయింది. చేపలెండబోసుకునే కాడ ఇప్పుడు లారీలు తిప్పుకుంటా ఉండారు. మాకు ఆ రోజు సభ పెట్టినారు సామీ. మా తరఫున ఎవరో బాగనే మాట్లాడినాడంట. వాడెవడో నాకు ఇప్పటికీ తెలీదు."

అంతే, దిగిపోయాడు. సభలో ఏడవనివాడు పాపి. అధ్యక్షులవారు రుమాలు తీశారు. కంపెనీ పెద్దమనిషి కూడా ముక్కు చీదుకున్నాడు. చప్పట్లు మొదలుపెట్టింది గురవమ్మే.

ఆమె తన వంతు వచ్చిందని లేచి మైకు దగ్గరకు నడిచింది. అధ్యక్షులవారు కళ్లు తుడుచుకుంటూ చెయ్యి ఊపారు.

"మత్స్యకారుల అభిప్రాయం వచ్చేసిందమ్మా. ఇంతకంటే బాగా నువ్వు చెప్పగలవా?"

గురవమ్మ నిజాయతీగా ఆలోచించింది. "లేదు సామీ," అని వెళ్లి కూర్చుంది.

సాయంత్రం లెక్క చదివారు. రైతులు అనుకూలం. విద్యావేత్తలు అనుకూలం. నిరుద్యోగుల తల్లిదండ్రులు అనుకూలం. పాల ఉత్పత్తిదారులు, చిరువ్యాపారులు అనుకూలం. మత్స్యకారులు వ్యతిరేకం. గొంతులతో ప్రభుత్వానికి పని లేదని ముందే తేలిపోయింది కాబట్టి అభిప్రాయాలనే లెక్కించి, యార్డుకు భారీ మెజారిటీతో ఆమోదం తెలిపారు. చెంచురామయ్య చేతిలో చెంచురామయ్య చిత్తుగా ఓడిపోయాడు.

"ఏం నటించినావురా," అన్నాడు నరేంద్రబాబు ఆయన భుజం తట్టి. ఇన్నేళ్లలో ఇంత మనస్ఫూర్తిగా ఎవరినీ మెచ్చుకోలేదు. "ఇంత విద్దె ఇన్నాళ్లూ యాడ దాచినావురా?"

 చెంచురామయ్య కండువా, కళ్లజోడు, ఫైలు తీసి పెట్టెలో సర్దాడు. వల మాత్రం పెట్టలేదు. భుజాన వేసుకుని బస్సు కోసం రోడ్డెక్కాడు.

ఇప్పుడు క్యాంటీనులో ఇడ్లీలు దివ్యంగా ఉంటాయి. తెల్లచొక్కాతో వెళ్లకండి, అంతే. ఏట్రింత ఈవలి గట్టున అదే తీగ మీద ఉంది. గురవమ్మ కింద నల్లబడ్డ నెత్తళ్లను గాలికి ఎగరేసి దులుపుతుంటే, అది పైన గోరింకగా, తీతువుగా, డేగగా శ్రద్ధగా తన పని తాను చేసుకుపోతోంది. దాని సొంత కూత ఎట్లా ఉంటుందో పాళెంలో ఎవరూ ఇంతవరకు వినలేదు.

దాని గురించి జాలిపడుతున్న పాఠకులకు ఒక మనవి. ఆ సభ మినిట్స్ ఎవరైనా చూడవచ్చు. చివరి పేజీలో "ప్రజలు హర్షం వ్యక్తం చేశారు" అని ఉంటుంది. ఆ ప్రజలు మీరే. ఆ రోజు మీరు ఊళ్లో లేకపోయినా ఫరవాలేదు, మీ తరఫున ఎవరో బాగానే మాట్లాడారు.